మెట్ట పెరళ్లకు తంగేడు

వేసవిలో బావి అడుగంటినప్పుడు పూలమొక్కలకు నీరు పోయుట యెంత భారమో మెట్టరైతులకు మేము చెప్పనక్కరలేదు. పశువులకును కూరపాదులకునే చాలని నీటిలో మల్లెకును కనకాంబరమునకును వాటా యెక్కడ నుండి వచ్చును? అట్టి చోట నీటిని కోరక యేటేట పూచెడి మొక్కను ఎన్నుకొనుట యుక్తము. అది మన బంజరులలోనే కలదు. అదియే తంగేడు.

తంగేడు పొదజాతి మొక్క. ఒకసారి నాటిన పెక్కేండ్లు నిలుచును. ఎఱ్ఱచెలకలలోను, రాతినేలలలోను తానై మొలచును. తల్లివేరు లోతునకు దిగి అడుగుతేమను గ్రహించును గావున ఎండకు వెఱవదు. భాద్రపద ఆశ్వయుజ మాసములలో పసుపుపచ్చని పూవులతో నిండియుండును. బతుకమ్మకు ఇది ముఖ్యమైన పూవు. 2014వ సంవత్సరమున దీనిని తెలంగాణ రాష్ట్రపుష్పముగా ప్రకటించిరి. అయినను బంజరులు తరిగినకొలది ఈ పూవు ఊరికి దూరమగుచున్నది. ఇకమీదట దీనిని మనమే పెంచుకొనవలెను.

విత్తుట.— ఎండి గోధుమవన్నెకు తిరిగిన కాయలనుండి గింజలను తీయవలెను. గింజ పైపొర మిక్కిలి గట్టిది. అట్లే విత్తినచో చాల గింజలు మొలవక నిలిచిపోవును. కావున మరిగిన నీటిని పొయ్యినుండి దించి, గింజలను అందు వేసి, ఆ నీటిలోనే చల్లారనిచ్చి, ఒక రాత్రి నాననీయవలెను. తొలకరి వానలు పడిన పిమ్మట మూడేసి అడుగుల యెడముగా గుంటలు తీసి, గుంటకు రెండు మూడు గింజలు వేసి, మొలచిన పిదప బలమైన మొక్కను ఒక్కదానినే ఉంచవలెను. తల్లివేరు తెగిన మొక్క సరిగా నాటుకొనదు గనుక, ఉండవలసిన చోటనే విత్తుట మేలు.

నీరు.— మొదటి యేడు వానలు వెనుకబట్టిన పిమ్మట వారమునకు ఒక కడవెడు నీరు పోసిన చాలును. స్నానపు నీరైనను పనికివచ్చును. రెండవ యేటినుండి వాననీరే చాలును. నీరు నిలుచు పల్లములో మాత్రము నాటరాదు; వేరు కుళ్లును.

ఉపయోగములు.— పశువులు దీనిని అంతగా మేయవు గావున గట్లపై కంచెగా నుపకరించును. పూత ముగిసిన పిదప కొమ్మలను కత్తిరించినచో మొక్క గుబురుగా చిగుర్చును. అట్లు కోసిన లేతరొట్టను వరిమడి దమ్ములో త్రొక్కిన మంచి యెరువగును. జనుమువలె దీని వేళ్లపై బుడిపెలు ఏర్పడవు. కావున దీని సత్తువ ఆకునందే కలదని గ్రహించి, రొట్టను తప్పక మడికి చేర్పవలెను. దీని పట్టను తోళ్లు ఊనుటకు వాడుదురు. ఆ పట్టను కోసిన కొమ్మలనుండియే తీయవలెను గాని నిలిచియున్న మొదలును ఒలువరాదు. ఒలిచిన మొక్క చచ్చును.

పండుగనాడు పూరెమ్మలను మాత్రము కోసికొని మొదలును విడువుడని పిల్లలకు చెప్పవలెను. సభ్యులు ఈ చలికాలముననే గింజలను సేకరించి ఒకరికొకరు పంచుకొని, రాబోవు తొలకరిలో ఒక్కొక్కరు తమ గట్టుమీద పది మొక్కలనైన పెంపవలెనని కోరుచున్నాము.