కంప్యూటరు వీడియో ఇంటి టీవీలో రానప్పుడు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్న సంగతి పాఠకులకు విదితమే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి వచ్చి రైల్వేలో పనికి కుదిరినవారి సంతతి నేటికీ మథురాకాటి, నింపురా ప్రాంతాలలో నివసిస్తున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించినప్పుడు ఈ పట్టణం పేరే ప్రముఖంగా వినిపించింది. వీరికి ఉద్యోగం ఇక్కడ, బంధువర్గం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో. పెళ్ళి అక్కడ జరుగుతుంది, దాని వీడియో పెన్ డ్రైవులో ఇక్కడికి వస్తుంది.

వర్క్‌షాపులో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన ఆ మధ్య పింఛనుదారుల ఋణం కోసం వచ్చారు. కారణం అడుగగా, “మనవరాలి పెళ్ళి వీడియో మా టీవీలో రావటం లేదు బాబూ. టీవీ పాతబడిపోయింది, కొత్తది కొనుక్కోమంటున్నారు” అన్నారు. ఆ టీవీ కొని ఆరేళ్ళే అయింది. సాయంత్రం వారి ఇంటికి వెళ్ళి పరిశీలించగా టీవీలో ఏ లోపమూ కనిపించలేదు. అప్పు అవసరమూ కనిపించలేదు.

ఇటువంటి ఇబ్బంది మీకూ ఎదురుకావచ్చును. కనుక కారణాలు తెలుసుకొనుట మంచిది.

ముందుగా పెన్ డ్రైవు సంగతి. పెన్ డ్రైవులో సమాచారాన్ని అమర్చే పద్ధతులు కొన్ని ఉన్నవి. వాటిలో ఫ్యాట్32 అనునది పాతది, దాదాపు అన్ని టీవీలూ దీనిని గుర్తిస్తాయి. అయితే ఇందులో 4 జీబీ కంటె పెద్ద ఫైలు పట్టదు. పెళ్ళి వీడియో తరచుగా అంతకు మించి ఉంటుంది. అందుచేత వీడియోగ్రాఫరు ఎక్స్‌ఫ్యాట్ లేక ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో పెన్ డ్రైవును సిద్ధం చేసి ఇస్తాడు. వీటిని గుర్తించలేని టీవీలు పెన్ డ్రైవు ఖాళీగా ఉన్నట్లు చూపుతాయి, లేదా దానిని ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతాయి. ఇక్కడ మిక్కిలి జాగ్రత్త అవసరం. ఫార్మాట్ చేసినచో అందులోనిదంతా చెరిగిపోతుంది. నేను వెళ్ళేసరికి ఆ ఇంటి కుర్రవాడు రిమోటు పట్టుకొని సరిగ్గా ఆ ప్రశ్న ముందే కూర్చున్నాడు. పెళ్ళి వీడియోకు మరొక ప్రతి లేదు! మొట్టమొదట కంప్యూటరులోనికి ఒక ప్రతి తీసుకొనిన పిదపనే తక్కిన ప్రయత్నాలు చేయాలి.

రెండవది వీడియో లోపలి రకం. అసలు చిక్కంతా ఇందులోనే ఉన్నది. ఫైలు పేరు చివర ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అని కనిపించేవి పెట్టెల పేర్లు మాత్రమే. రైల్వే పార్సిలు పెట్టె ఒకే తీరుగా ఉన్నా లోపల సరుకు వేరుగా ఉండవచ్చు గదా! హెచ్‌డీ వీడియోను సెకనుకు 25 బొమ్మల చొప్పున యథాతథంగా దాచినట్లయితే ఒక్క గంటకే సుమారు 560 జీబీ స్థలం కావాలి. అందుకే దానిని ఒక లెక్క ప్రకారం కుదించి దాచి, చూసేటప్పుడు అదే లెక్క ప్రకారం విప్పుతారు. ఈ లెక్కనే కోడెక్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264 అత్యధిక ప్రచారం పొందినది. 2013లో వచ్చిన హెచ్.265, అనగా హెచ్ఈవీసీ, అదే నాణ్యతను దాదాపు సగం స్థలంలో ఇముడ్చుతుంది. టీవీలో ఈ ముడి విప్పే పని ఒక చిప్ చేస్తుంది. తయారైననాడు దానికి తెలియని లెక్కను సాధారణంగా తరువాత నేర్పలేము. కంప్యూటరులో అట్లా కాదు, వీఎల్‌సీ వంటి ఉచిత ప్రోగ్రాము వేసుకుంటే చాలు. కంప్యూటరులో వచ్చే వీడియో టీవీలో రాకపోవడానికి ముఖ్య కారణమిదే.

బొమ్మ వచ్చి ధ్వని రాకపోవడం కూడా ఈ కోవలోనిదే. ధ్వనికి వేరే కోడెక్ ఉంటుంది. డీటీఎస్ రకాన్ని అనేక టీవీలు వినిపించలేవు.

ఇక పరిష్కారం. ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని ల్యాప్‌టాప్ ఉన్నట్లయితే ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ సరిపోతుంది. బొమ్మ, ధ్వని రెండూ అందులోనే వెళ్తాయి. రిమోటుపై సోర్స్ లేక ఇన్‌పుట్ మీట నొక్కి హెచ్‌డీఎంఐ ఎంచుకొని, ల్యాప్‌టాపులో విండోస్ మీటతో పాటు పి అక్షరం నొక్కి డూప్లికేట్ అన్నచోట ఎంటర్ నొక్కాలి. ముడి విప్పే పని కంప్యూటరే చేస్తుంది గనుక టీవీకి ఆ లెక్క తెలియనవసరం లేదు. పాత వీజీఏ కేబుల్ అయితే బొమ్మ మాత్రమే వస్తుంది, ధ్వనికి వేరే వైరు కలపాలి. పిక్చర్ ట్యూబు టీవీ ఇంకా వాడుతున్నవారు ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులకు మార్చే చిన్న కన్వర్టరు పెట్టెను తగిలించుకోవచ్చు. బొమ్మ అంత స్పష్టంగా ఉండదు, చూడవచ్చు.

పెద్దాయన ఇంట్లో ఆ రాత్రి కేబుల్‌తోనే పెళ్ళి చూశారు. శాశ్వత పరిష్కారంగా, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ హెచ్.265 ఫైలును హెచ్.264 లోనికి మార్చాము. పాత కంప్యూటరు గనుక తెల్లవారేదాకా పట్టింది. ఋణ దరఖాస్తును ఆయన వాపసు తీసుకున్నారు.

డీలరు సోదరులకు ఒక మనవి. ఖాతాదారు తెచ్చిన పెన్ డ్రైవును అమ్మకానికి ముందే దుకాణంలో పెట్టి చూపించండి. కొత్త టీవీ అయినంత మాత్రాన ప్రతి ఫైలూ వస్తుందనే హామీ లేదు. వాయిదాలపై కొనేవారు కూడా గమనించగలరు: సున్నా వడ్డీ అన్న మాటకు అర్థం లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ప్రాసెసింగ్ ఛార్జీ ఎంతో, రొక్కమిస్తే ధర ఎంత తగ్గుతుందో అడిగి కాగితం మీద వ్రాయించుకోండి.

వీడియోగ్రాఫరుకు మిగతా సొమ్ము చెల్లించే ముందు అడగవలసినది కూడా ఉన్నది. హెచ్.264 రకం వీడియో, ఏఏసీ ధ్వని, ఎంపీ4 పెట్టె, ఒక్కొక్క భాగం 4 జీబీ లోపు ఉండేలా ఫ్యాట్32 పెన్ డ్రైవులో ఇమ్మనండి. అసలు ప్రతిని వేరొక డిస్కులో ఇప్పించుకొని, దానిని టీవీకి తగిలించకుండా బీరువాలో ఉంచండి.