పెనాంగ్‌లో ఆకలేస్తే...

ప్యాకేజీ టూర్‌లో మనవాళ్లు విమానం దిగగానే గైడును పట్టుకుని అడిగేది ఒకటే: 'ఇక్కడ ఇండియన్ హోటల్ ఎక్కడండీ?' సూట్‌కేసులో పచ్చడి సీసా, కారప్పొడి పొట్లం ఎలాగూ ఉంటాయనుకోండి. మిగతా ఊళ్ల మాట ఎలా ఉన్నా, మలేషియాలోని పెనాంగ్ దాకా వెళ్లి పనీర్ బటర్ మసాలా తినిరావడం మాత్రం దారుణం. చింతపండు, ఎండుమిర్చి, కొబ్బరిపాలు, రొయ్యలు లేనిదే పూట గడవని ఊరది.

పెనాంగ్ దీవిలో పెద్ద పట్టణం జార్జ్‌టౌన్. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ దిగి రేవు పెట్టాక దక్షిణ చైనా నుంచి, తమిళ తీరం నుంచి, సుమత్రా నుంచి జనం వచ్చిపడ్డారు. ఎవరి వంట వాళ్లు తెచ్చుకున్నారు. పొరుగువాడి పొయ్యి మీద ఏముందో చూసి దాన్నీ కలిపేసుకున్నారు. 2008లో యునెస్కో మలక్కాతో పాటు ఈ పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ తర్వాత సందుల్లో గోడబొమ్మల ముందు ఫొటోల సందడి పెరిగింది. ఫొటోలు ఎప్పుడైనా దిగొచ్చు, తిండి మాత్రం మీకోసం ఆగదు.

ఎందుకంటే ఇక్కడ ప్రతి వంటకానికీ ఒక వేళ ఉంది. పొద్దున రోటీ చనాయ్, అంటే మన పరోటాకి దగ్గరి చుట్టమే, పప్పుతో పెడతారు. మధ్యాహ్నం పన్నెండింటికల్లా గిన్నెలు కడిగేసుకునే బండ్లున్నాయి. పొద్దున ఒకరి బండి ఉన్న జాగాలోనే సాయంత్రం ఇంకొకరు పొయ్యి వెలిగిస్తారు. అందుకే 'ఎక్కడ బాగుంటుంది?' అని కాదు, 'ఎప్పుడుంటుంది?' అని అడగాలి.

కూర్చునే చోటు కోపిటియామ్. దాని యజమాని అమ్ముకునేది కాఫీ, టీ, చల్లటి పానీయాలు. మిగతా జాగా బండ్లవాళ్లకు అద్దెకిస్తాడు. ఒక్కో బండి మీద సాధారణంగా ఒకటే వంటకం. మీరు మూడు బండ్ల దగ్గర చెప్పి బల్ల దగ్గర కూర్చుంటే ముగ్గురూ తెచ్చిపెడతారు, ఎవరి డబ్బులు వాళ్లకే ఇవ్వాలి. తాగడానికి ఏదో ఒకటి చెప్పడం మర్యాద. చక్కెర, మార్జరిన్ వేసి నల్లగా వేయించిన గింజల కాఫీ చెప్పండి. ఫిల్టర్ కాఫీ ప్రియులు ముఖం చిట్లిస్తారేమో గానీ, ఆ ఉక్కపోతలో ఐసు వేసుకుని తాగితే ప్రాణం లేచొస్తుంది.

అలాంటి చోట చార్ క్వే టియావ్ చేసే మనిషి పక్కన కాసేపు నిలబడాలి. ఇనప మూకుడు పొగలు కక్కుతుంటుంది. పంది కొవ్వు, వెల్లుల్లి, మిరప ముద్ద, వాటి వెంటనే రిబ్బన్ల లాంటి బియ్యప్పిండి నూడుల్స్. సోయా సాస్ చిలకరిస్తే మంట భగ్గుమంటుంది. నూడుల్స్‌ను పక్కకు తోసి గుడ్డు కొడతాడు. రొయ్యలు, పెసర మొలకలు, చివర్లో అరక్షణం పాటు సముద్రపు గుల్లమాంసం. రెండు మూడు నిమిషాల్లో పళ్లెంలో పడుతుంది. మీ ముందు పదిమంది ఉన్నా పేరున్న వంటగాడు ఒక్కో పళ్లెమే చేస్తాడు. మూకుడు నిండితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే నూడుల్స్ ఉడుకుతాయే తప్ప ఆ పొగవాసన పట్టదు. తొందరపెట్టారో, మీ వంక చూడను కూడా చూడడు.

నా ఓటు మాత్రం అసామ్ లక్సాకే. కానాగంతల జాతి చేపలు ఉడికించి, ముళ్లు తీసి, చింతపండు, నిమ్మగడ్డి, మిరపకాయలతో మరిగించిన పులుసు. అందులో లావుపాటి బియ్యం నూడుల్స్. నెల్లూరు చేపల పులుసు ఎరిగిన నాలుక మొదటి చెంచాకే కుదుటపడుతుంది, రెండో చెంచాకు తికమకపడుతుంది. పైన పుదీనా, కీరా, అనాస ముక్కలు, అల్లం జాతి మొక్క పూమొగ్గ తరుగు వేస్తారు. పక్కన చెంచాలో నల్లటి రొయ్యల పాకం ఇస్తారు. వాసనకు భయపడి దాన్ని వదిలేయకండి, తీపీ ఉప్పూ రెండూ దానిలోనే ఉన్నాయి.

శాకాహారులు కాస్త జాగ్రత్తపడాలి. కూరగాయలే కదా అనుకున్న వేపుడులోనూ రొయ్యల ముద్ద పడుతుంది. చైనావాళ్ల బౌద్ధ శాకాహార హోటళ్లు నయం. వాళ్ల తొమ్మిదో చాంద్రమాసంలో నవ చక్రవర్తి దేవతల పండగకు వెళ్తే ఇంకా మేలు. పసుపు జెండాలు కట్టిన బండ్లన్నీ ఆ తొమ్మిది రోజులూ శాకాహారమే.

ఈ బండ్ల మీద వండేవాళ్లలో నెరిసిన తలలే ఎక్కువ. వాళ్ల చోట బయటివాళ్లను పెట్టుకుందామంటే, స్థానిక వంటకాల బండ్ల మీద విదేశీయులు ప్రధాన వంటగాళ్లుగా ఉండకూడదని పెనాంగ్ ప్రభుత్వం 2016లో నిబంధన పెట్టింది. రుచి చెడిపోతుందని ప్రభుత్వం భయం. నాకైతే చేతికి పాస్‌పోర్టుతో పనేమిటనిపిస్తుంది. పిల్లలు ఏసీ గదుల్లో ఉద్యోగాలకు పోతుంటే ఆ సెగ ముందు నిలబడేదెవరన్నదే అసలు చిక్కు.

రాత్రి పొద్దుపోయాక నాసీ కందర్. రేవు కూలీల కోసం తమిళ ముస్లింలు కావిడి మీద ఒకవైపు అన్నం, ఒకవైపు కూరలు మోసుకొచ్చి అమ్మిన భోజనం ఇది. కాంప్‌బెల్ వీధిలోని హమీదియా హోటల్ 1907 నుంచీ నడుస్తోంది. 1801 నాటి కపితాన్ కెలింగ్ మసీదు పక్కన రాత్రిపూట దీనికోసం జనం వరస కడతారు. మటన్, కోడి వేపుడు, చేపగుడ్ల కూర, బెండకాయ... వేలితో చూపిస్తే చాలు. 'బంజీర్' అన్నారంటే అన్ని కూరల పులుసులూ అన్నం మీద వరదలా పోసేస్తాడు. ఏ పులుసు ఏదో తేల్చుకోవాలని చూడకండి, కలవడమే దాని రుచి. ధరల పట్టిక కోసం వెతక్కండి, చాలాచోట్ల అదీ ఉండదు. వడ్డించినవాడు మీ పళ్లేన్ని ఒకసారి ఎగాదిగా చూసి ఒక అంకె చెప్తాడు. పెద్ద రొయ్యలు చూపించే ముందే రేటు అడిగిపెట్టుకోండి, జేబుకు మంచిది.