22 వేల ఐ7 గేమింగ్ పీసీనా, పీఎస్5ఆ? చిట్టీ డబ్బులు పెట్టే ముందు ఇది వినండి

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క మెసేజ్ మీదే. కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు పెట్టాడు, బీటెక్ ఫస్ట్ ఇయర్. "అన్నా, మా నాన్న చిట్టీ ఎత్తిండు. నాకు 60 వేలు ఇస్తనన్నడు, మళ్ల అడగొద్దన్నడు. పీఎస్5 తీస్కోవాల్నా, లేకపోతే ఈ గేమింగ్ పీసీ తీస్కొని మిగిలినయి నాన్నకు వాపస్ ఇయ్యాల్నా?" దాని కింద ఒక రీల్ లింక్. రీల్‌లో ఏముందంటే, ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, మానిటర్, కీబోర్డు, మౌస్, అన్నీ కలిపి 22 వేలు. అద్దాల క్యాబినెట్, లోపల రంగురంగుల లైట్లు, స్క్రీన్ మీద జీటీఏ 5.

ఇలాంటి రీల్స్ మీ అందరి ఫోన్లలోకీ వస్తున్నాయి. అందుకే ముందు దీని సంగతి చూద్దాం, కన్సోల్ గొడవ తర్వాత.

ఐ7 అన్నాడు కదా, ఏ జనరేషనో చెప్పాడా? చెప్పలేదు. చెప్పడు కూడా. ఆ రేటుకి వచ్చే ఐ7 దాదాపు ఎప్పుడూ 2600 లేదా 3770 అయి ఉంటుంది. మొదటిది 2011లో వచ్చింది, రెండోది 2012లో. ఆఫీసుల్లో వాడి పక్కన పడేసిన కంప్యూటర్ల నుంచి ప్రాసెసర్లు తీసి, హెచ్61 అనే పాత చిప్‌సెట్ మీద కొత్తగా తయారైన చవక బోర్డులో పెడతారు. బోర్డు కొత్తదే, డబ్బా కొత్తదే, లైట్లు కొత్తవే. లోపల మెదడు మాత్రం మీరు ఎల్‌కేజీలో ఉన్నప్పటిది. ఐ7 అనేది ఒక వరస పేరు, అంతే. 2022లో వచ్చిన ఐ5-12400లో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. 3770లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. పైగా ఒక్కో కోరు చేసే పని కూడా చాలా తక్కువ. అంటే ఇక్కడ "7" కన్నా "5" చాలా పెద్దది.

ఇక 4 జీబీ గ్రాఫిక్స్. అది చాలాసార్లు జీటీ 730 అవుతుంది, 2014 నాటి కార్డు. దీంట్లో మోసం ఎక్కడుందో సరిగ్గా అర్థం చేసుకోండి. 4 జీబీ అనేది కార్డు మీద ఉన్న మెమరీ సైజు, కార్డు స్పీడ్ కాదు. గోడౌన్ ఎంత పెద్దదైతే ఏంటి, బస్తాలు మోయడానికి ఒక్కడే హమాలీ ఉంటే? జీటీ 730లో గోడౌన్ పెద్దది, హమాలీ ఒక్కడే, గోడౌన్‌కి దారి కూడా ఇరుకు. పైగా 2021 తర్వాత ఆ తరం కార్డులకి కొత్త గేమ్‌ల డ్రైవర్లు ఇవ్వడం ఎన్‌విడియా మానేసింది.

మరి జీటీఏ 5 ఎలా నడిచింది అన్నా అంటారా? అది 2013లో కన్సోల్స్‌కి, 2015లో పీసీకి వచ్చిన గేమ్. చాలా పాత మెషిన్ల మీద కూడా తక్కువ సెట్టింగ్స్‌లో నడిచేలా చేశారు. అందుకే చూడండి, ఇలాంటి పీసీ అమ్మేవాడెవడూ కొత్త గేమ్ చూపించడు.

ఇంకో దెబ్బ ఉంది, ఇది గేమ్‌లు ఆడనివాళ్ళకి కూడా. విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపు 8వ జనరేషన్ నుంచి పైవే అధికారికంగా పనికొస్తాయి, టీపీఎం 2.0 ఉండాలి. రెండో తరం, మూడో తరం ఐ7 ఆ లిస్టులో లేదు. షాపువాళ్ళు అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇస్తారు, ఇస్తే తెరుచుకుంటుంది కూడా. కానీ వాలరెంట్ పెట్టి చూడండి. విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ లేకపోతే దాని యాంటీ-చీట్ గేమ్‌ని మొదలవ్వనివ్వదు. సగం మంది పీసీ కొనేదే వాలరెంట్ కోసం. అదే నడవకపోతే ఇంకేముంది?

కాబట్టి తమ్ముడూ, 22 వేలు పెట్టి 38 వేలు మిగిలాయని నాన్నకి ఇస్తే అది ఆదా అవ్వదు. ఆ 22 వేలు పోయినట్టే. నీ మనసు మాత్రం మంచిది, ఒప్పుకుంటా.

ఇప్పుడు పీఎస్5 దగ్గరికి వద్దాం. ఇండియాలో 2021 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు డిస్క్ మోడల్ 49,990 రూపాయలు. 2024 ఏప్రిల్‌లో స్లిమ్ వచ్చేసరికి డిస్క్ మోడల్ 54,990, డిజిటల్ 44,990. మామూలుగా ఎలక్ట్రానిక్ వస్తువు పాతబడితే రేటు తగ్గాలి, ఇది పెరిగింది. అయినా సరే నిజం చెప్పాలి కదా: పెట్టిన రూపాయికి ఎంత గ్రాఫిక్స్ వస్తుంది అని మాత్రమే చూస్తే కన్సోలే గెలుస్తుంది. పీఎస్5లో ఆర్‌డీఎన్‌ఏ2 తరం గ్రాఫిక్స్, 36 కంప్యూట్ యూనిట్లు. అదే తరంలో బడ్జెట్ పీసీలకి అందరూ చెప్పే ఆర్‌ఎక్స్ 6600లో 28. పీసీ యూట్యూబర్లు చాలామంది ఈ ముక్క మింగేస్తారు, ఎందుకో నాకు తెలీదు.

ఇంకోటి, జీటీఏ 6. రాక్‌స్టార్ దాన్ని ప్రకటించింది పీఎస్5కీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకీ మాత్రమే. పాత లెక్క చూస్తే, జీటీఏ 5 కన్సోల్ నుంచి పీసీకి రావడానికి ఏడాదిన్నర పైనే పట్టింది, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి ఏడాది పట్టింది. వచ్చిన రోజే జీటీఏ 6 ఆడాలి, అదొక్కటే నా కోరిక అనేవాళ్ళు ఈ వీడియో ఇక్కడే ఆపేసి కన్సోల్ కొనుక్కోండి. తప్పేం లేదు.

కానీ కన్సోల్ ఖర్చు డబ్బా రేటుతో ఆగదు. సోనీ సొంత పెద్ద గేమ్‌లు కొత్తగా వచ్చినప్పుడు 4,999 దాకా ఉంటాయి. డబ్బు పెట్టి కొన్న గేమ్‌ని ఆన్‌లైన్‌లో ఫ్రెండ్స్‌తో ఆడాలంటే పీఎస్ ప్లస్ చందా కట్టాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేమ్‌లకి అక్కర్లేదు. పీసీలో ఈ ఆన్‌లైన్ చందా లేనే లేదు. స్టీమ్‌లో రేట్లు రూపాయల్లోనే ఉంటాయి, సేల్ పెడితే పాత పెద్ద గేమ్‌లు బిర్యానీ రేటుకి దొరుకుతాయి. కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, అడిగితే డబ్బు వాపస్ ఇస్తారు. ఎపిక్ స్టోర్‌లో వారం వారం ఏదో ఒక గేమ్ ఉచితం.

దీనికి కన్సోల్ దగ్గర ఒక జవాబుంది. డిస్క్. సెకండ్ హ్యాండ్ డిస్క్ కొని, గేమ్ పూర్తి చేసి, కాస్త తక్కువకి మళ్ళీ అమ్మేయొచ్చు. నిజానికి మన దగ్గర కన్సోల్ వాడే చాలామంది ఇలాగే నెట్టుకొస్తున్నారు. కాబట్టి కన్సోల్ కొంటే డిస్క్ మోడలే కొనండి. రేటు తక్కువని డిజిటల్ తీసుకుంటే దాంతో డిస్క్ డ్రైవ్ రాదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కూడా అంతే, డిస్క్ పెట్టడానికి చోటే లేదు.

మరి మన కరీంనగర్ తమ్ముడికి ఏది? అతనికి లాప్‌టాప్ ఉందా అని అడిగాను. లేదన్నాడు. నాకు సంబంధించినంత వరకు అక్కడే తేలిపోయింది. ఫస్ట్ ఇయర్‌లో సీ ప్రోగ్రామింగ్ ఉంటుంది, తర్వాత పైథాన్, ప్రాజెక్టులు, రికార్డులు, రెజ్యూమె. ఇవన్నీ పీఎస్5 మీద చేయలేడు. నాన్న ఒక్కసారే ఇచ్చే డబ్బు అది. రేపు కాలేజీ పని కోసం మళ్ళీ లాప్‌టాప్ అడగాల్సి వస్తే, అప్పుడు ఆ ఇంట్లో ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒకవేళ ఇంట్లో పని చేసే లాప్‌టాప్ ఉండి ఉంటే, నేనే పీఎస్5 కొనుక్కోమనేవాణ్ణి.

సరే, పీసీ అంటే ఏ పీసీ? రేట్లు నేను చెప్పను. 2025 చివర నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూశారుగా, ఈ వారం రేటు వచ్చే వారం ఉండట్లేదు. పార్టుల పేర్లు చెబుతా, రాసుకోండి. రేటు సికింద్రాబాద్ సీటీసీలో రెండు మూడు షాపులు తిరిగి అడగండి, ఆన్‌లైన్‌తో పోల్చండి.

ప్రాసెసర్ ఐ5-12400 కానీ రైజెన్ 5 5600 కానీ చాలు. ఇక్కడ చిన్న అక్షరం చూడండి. 12400ఎఫ్ అని చివర "ఎఫ్" ఉంటే దాంట్లో సొంత డిస్‌ప్లే ఉండదు. రైజెన్ 5600లో కూడా ఉండదు, 5600జీలో ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు రిపేర్‌కి వెళ్తే స్క్రీన్ నల్లగా కూర్చుంటుంది. గేమ్‌లకే అయితే ఎఫ్ తీసుకుని డబ్బు మిగుల్చుకోండి. రేపు పొద్దున రికార్డు సబ్మిట్ చేయాల్సిన స్టూడెంట్‌కి మాత్రం ఎఫ్ లేనిదే నేను చెబుతా.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర 22 వేల రీల్ కన్నా తెలివైన మోసం ఒకటుంది. దాన్ని మోసం అనాలో వద్దో కూడా చెప్పలేం, ఎందుకంటే పేరు కంపెనీయే అలా పెట్టింది. ఆర్‌టీఎక్స్ 3050 అని రెండు కార్డులున్నాయి. 2022లో వచ్చింది 8 జీబీ, 2024లో వచ్చింది 6 జీబీ. తేడా రెండు జీబీలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 8 జీబీ దాంట్లో 2560 కోర్లు, 128 బిట్ మెమరీ దారి, 130 వాట్లు. 6 జీబీ దాంట్లో 2304 కోర్లు, 96 బిట్, 70 వాట్లు. అది వేరే కార్డు, అదే చొక్కా తొడిగారు. ప్రీబిల్ట్ యాడ్‌లో ఉత్త "ఆర్‌టీఎక్స్ 3050" అని ఉంటే 6 జీబీదే అనుకోండి. 1080పీలో ఆడేవాళ్ళు ఆర్‌ఎక్స్ 6600 కానీ, బడ్జెట్ సాగితే ఆర్‌టీఎక్స్ 4060 కానీ అడగండి. అమ్మేవాడు "రే ట్రేసింగ్ ఉంది సార్" అని 3050 వైపు లాగుతాడు. ఈ రేంజ్‌లో రే ట్రేసింగ్ ఆన్ చేస్తే ఎఫ్‌పీఎస్ పడిపోయి మీరే ఆఫ్ చేస్తారు.

ర్యామ్ 16 జీబీ ఒకే కర్ర కాకుండా, 8 జీబీవి రెండు. రెండు దారుల్లో డేటా వెళ్తుంది, గేమ్‌లో తేడా కనిపిస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ గురించి కాస్త ఎక్కువ మాట్లాడతా, ఎందుకంటే యాడ్‌లో దీని పేరే రాయరు. ప్రీబిల్ట్ చవగ్గా రావాలంటే మొదట కోసేది ఇక్కడే. పైన 450 వాట్స్ అని స్టిక్కర్ ఉంటుంది, చేతిలో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిగ్గా ఉంటుంది. మన ఊళ్ళలో కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజ్ ఎలా ఎగురుతుందో తెలుసు కదా. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతే ఒక్కోసారి అది ఒక్కటే పోదు, బోర్డునో కార్డునో వెంటబెట్టుకుని పోతుంది. కంపెనీ పేరు, మోడల్, 80 ప్లస్ గుర్తు ఉన్నది పెట్టమనండి. అద్దాల క్యాబినెట్ వద్దు, లైట్ల ఫ్యాన్లు వద్దు, ఆ డబ్బు ఎస్‌ఎంపీఎస్‌లో పెట్టండి అని చెప్పండి. ఇంట్లో ఇన్వర్టర్ లేకపోతే 600 వీఏ యూపీఎస్ ఒకటి. అది సాధారణంగా 360 వాట్లు ఇస్తుంది, గేమ్ సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేయడానికి సరిపోతుంది.

మానిటర్‌కి డబ్బు చాలకపోతే మొదటి కొన్ని నెలలు ఇంట్లో టీవీకే హెచ్‌డీఎంఐ పెట్టుకోండి. సీరియల్ టైమ్‌లో అమ్మతో గొడవ మీరూ మీరూ చూసుకోండి.

బ్రాండెడ్ టవర్ల గురించి కూడా అడుగుతుంటారు. వారంటీ మొత్తానికి ఒకే చోట, అది సుఖం. కానీ కొన్నింటిలో బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత సైజులో ఉంటాయి, తర్వాత బయట కార్డు కొని పెడదామంటే పట్టదు. కొనే ముందు ఆ మోడల్ లోపలి ఫోటో ఒకటి వెతకండి. ఇక నో-కాస్ట్ ఈఎంఐ అంటే ఊరికే కాదు. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ, కార్డు స్టేట్‌మెంట్‌లో వస్తాయి.

చివరగా షాపులో. "బిల్లు వద్దంటే జీఎస్టీ తగ్గిస్తా" అంటారు. 18 శాతం కదా, నోరూరుతుంది. వద్దు. అసెంబుల్డ్ పీసీలో ఒక్కో పార్టుకీ వారంటీ వేరు, ప్రాసెసర్, బోర్డు, కార్డులకి ఇక్కడ సాధారణంగా మూడేళ్ళు ఇస్తారు. బిల్లు లేకపోతే ఆ మూడేళ్ళూ షాపువాడి మూడ్ మీద ఆధారపడతాయి. బిల్లులో ఒక్కో పార్టు పూర్తి పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. "గేమింగ్ పీసీ, 1 నంబరు" అని ఒక్క లైన్ రాసిస్తే తీసుకోవద్దు.

డబ్బు కట్టకముందే పీసీ ఆన్ చేయించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్ళండి. ప్రాసెసర్ అసలు పేరు, ర్యామ్ ఎన్ని స్లాట్లలో ఉందో, కార్డు పేరు, దాని మెమరీ అన్నీ అక్కడే ఉంటాయి. తర్వాత జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి నడపండి. పాత కార్డుకి కొత్త పేరు ఎక్కించి ఉంటే అది పేరు ముందు "ఫేక్" అని చూపిస్తుంది. ఒక అరగంట ఏదైనా బరువైన గేమ్ ఆడించండి. షాపువాడు విసుక్కుంటాడు. విసుక్కోనీయండి, టీ తాగి రమ్మనండి.

తమ్ముడు వచ్చే ఆదివారం వాళ్ళ నాన్నతో కలిసి సీటీసీకి వస్తున్నాడంట. కొటేషన్ రాగానే ఫోటో పంపమన్నాను, పేర్లు చదివి చెబుతా. మీ దగ్గర కూడా కొటేషన్ ఉంటే కామెంట్‌లో పార్టుల పేర్లు టైప్ చేయండి, ఫోన్ నంబర్లు మాత్రం పెట్టకండి. ఉంటా మరి.