రేడియో సింఫనీ – పోషకుని నీడ: డెట్రాయిట్ 'ఫోర్డ్ సండే ఈవెనింగ్ అవర్' పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికాలోని డెట్రాయిట్ నగర సింఫనీ వాద్యకారులు 1934 నుంచి 1942 వరకు ఒక మోటారు సంస్థ పోషణలో జాతీయ రేడియోలో వినిపించారు. ఆ కచేరీల స్వరూపాన్ని, అందులో కండక్టర్ స్థానాన్ని, ఏకపోషకత్వ పరిణామాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: రేడియో, సింఫనీ, కండక్టర్, పోషకత్వం, డెట్రాయిట్.

1. ఉపోద్ఘాతం:
కళకు రాజపోషణ ఉన్న కాలంలో కృతిభర్త పేరు కృతిలో నిలిచేది. రేడియో యుగంలో ఆ స్థానం వాణిజ్యసంస్థకు దక్కింది. ఈ మార్పుకు డెట్రాయిట్ స్పష్టమైన నిదర్శనం.

2. పూర్వరంగం:
పియానో విద్వాంసుడు ఒసిప్ గాబ్రిలోవిచ్ కండక్టర్‌గా ఉన్నప్పుడు, ఆయన కోరిక మేరకు 1919లో ఆర్కెస్ట్రా హాల్ నిర్మితమైంది. 1922 ఫిబ్రవరి 10న ఆయన నిర్దేశకత్వంలో జరిగిన కచేరీని స్థానిక రేడియో కేంద్రం ప్రసారం చేసింది. పూర్తి సింఫనీ కచేరీ ప్రసారాలలో దీనిని మొదటిదిగా పేర్కొంటారు. అక్కడ వాద్యబృందం తన సొంత పేరుతోనే శ్రోతలను చేరింది.

3. ధారావాహిక స్వరూపం:
1934లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ సంస్థ ఈ వాద్యకారులచేత కచేరీలు చేయించింది. కండక్టర్ విక్టర్ కోలార్. ఆ అనుభవమే అదే సంవత్సరం సీబీఎస్ నెట్‌వర్క్‌లో ఆదివారం రాత్రి గంటసేపు సాగే కార్యక్రమానికి దారితీసింది. వాద్యకారులు చాలావరకు డెట్రాయిట్ సింఫనీవారే అయినా, రేడియోలో వినిపించిన పేరు ఫోర్డ్ సింఫనీ. తొలి దశలో కోలార్ నిర్దేశకత్వం వహించగా, తరువాత యూజీన్ ఆర్మాండీ వంటి అతిథి కండక్టర్లు వచ్చారు. అందువల్ల కార్యక్రమానికి స్థిరమైన గుర్తింపు కండక్టర్ వల్ల కాక పోషకుని వల్ల ఏర్పడింది. సుపరిచితమైన శాస్త్రీయ రచనలు, ఒపేరా గీతాలు, భక్తిగీతాలు ఇందులో ఉండేవి. కచేరీ మధ్యలో ఫోర్డ్ ప్రతినిధి విలియం కామెరాన్ ప్రసంగించేవాడు. కారు కొనమని నేరుగా చెప్పడంకంటే సంస్థ ఆర్థిక, సామాజిక దృక్పథాన్ని వినిపించడం ఆ ప్రసంగాల లక్ష్యం. సంగీతం కోసం రేడియో ముందు కూర్చున్న శ్రోతకు ఆ మాటలూ చేరేవి.

4. పరిణామాలు:
యుద్ధకాలంలో, 1942 ఫిబ్రవరిలో అమెరికాలో పౌరవాహనాల ఉత్పత్తి నిలిచిపోయింది. మార్చిలో ధారావాహిక ముగిసింది. అదే ఏడాది డెట్రాయిట్ సింఫనీ కూడా మూతపడింది. 1943లో పారిశ్రామికవేత్త హెన్రీ రైకోల్డ్ అండతో, కార్ల్ క్రూగర్ కండక్టర్‌గా అది తిరిగి ప్రారంభమైంది. ఆ అండ తొలగాక 1949లో మళ్లీ ఆగిపోయింది. 1951లో అనేక దాతల ఉమ్మడి విరాళాలతో, పాల్ పరే నిర్దేశకత్వంలో పునరుద్ధరణ పొందింది.

5. ముగింపు:
రేడియో ఒక నగర సంగీతాన్ని దేశమంతటికీ చేర్చింది; వాద్యకారులకు అదనపు జీవనాధారమూ కల్పించింది. అయితే శ్రోతల ఆదరణ వాద్యబృందం పేరున జమ కాలేదు. పోషకుడు తప్పుకున్నప్పుడు ఆ ఆదరణను తన బలంగా చూపుకునే వీలు దానికి లేకపోయింది. ప్రసారకళల చరిత్రను పరిశీలించేవారు ఎవరు వాయించారన్న ప్రశ్నతోపాటు, ఎవరి పేరున వినిపించిందన్న ప్రశ్ననూ వేసుకోవలసి ఉంటుంది.