విశాఖలో ఇల్లమ్మి పిల్లల దగ్గరికి: అపోహలు – వాస్తవాలు

ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డు, బీహెచ్‌పీవీ. వీటిలో ఏదో ఒకదాన్ని నమ్ముకుని విశాఖ వచ్చి, కూర్మన్నపాలెంలోనో గాజువాకలోనో ఎంవీపీ కాలనీలోనో నాలుగు గోడలు లేపుకున్న తరం ఇప్పుడు అరవై దాటి డెబ్బైల్లోకి నడుస్తోంది. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో స్థిరపడ్డారు. మోకాళ్లు మేడ మెట్లు ఎక్కనివ్వడం లేదు. "ఇంకా అక్కడెందుకు నాన్నా, అమ్మేసి వచ్చేయండి" అని ఫోన్‌లో మాట పడుతుంది. ఆ మాట పడిన వారం తిరక్కుండానే వీధి బ్రోకరు గుమ్మంలో ఉంటాడు.

అక్కడి నుంచి సలహాలు మొదలు. బీచ్ రోడ్డు నడకలో ఒకటి, శివాజీ పార్కు బెంచీ మీద ఒకటి, పెళ్లి భోజనాల్లో ఇంకొకటి. మోసం చేసేవాడు కొత్త అబద్ధం పుట్టించనక్కర్లేదు. మనవాళ్లు ఇప్పటికే నమ్ముతున్నదాన్ని వాడుకుంటే చాలు.

అపోహ: అద్దెకిచ్చి వెళ్లిపోతే పన్నెండేళ్లకు ఇల్లు అద్దెకున్నవాడి సొంతమైపోతుంది.

ఈ ఒక్క భయంతోనే మంచి ఇళ్లు అయినకాడికి అమ్ముడైపోతున్నాయి. పన్నెండేళ్ల లెక్క కాలపరిమితి చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ అది యజమాని హక్కును కాదని, బాహాటంగా, ఎదురు తిరిగి అనుభవిస్తున్నవాడికి. అద్దెకున్నవాడు యజమాని అనుమతితో ఉన్నవాడు. ఆ అద్దె సంబంధం నడుస్తున్నంత కాలం పన్నెండేళ్లు కాదు, పాతికేళ్లున్నా ఇల్లు అతనిది కాదు. రాతపూర్వకంగా అద్దె ఒప్పందం రాసుకోండి, అద్దె బ్యాంకు ఖాతాలోనే పడేలా చూడండి, జీవీఎంసీ ఇంటి పన్ను మీ పేరుతోనే కట్టండి. ఖాళీ స్థలం సంగతి మాత్రం వేరు. ప్రహరీ లేని జాగాను వదిలేసి వెళ్తే భయపడాల్సిందే. గోడ, బోర్డు, నెలకోసారి చూసే మనిషి, ఈ మూడూ ఉండాలి.

అంటే ఊరు కదిలినంత మాత్రాన ఇల్లు అమ్మాలని లేదు. పిల్లల ఇంట్లో ఏడాది గడిపి, అక్కడి నీళ్లూ మనుషులూ పడతారో లేదో చూసుకుని అమ్మినా నష్టం లేదు. నా మటుకు ఇదే సరైన పద్ధతి. తొందర కొనేవాడిది కావచ్చు, మీది కానక్కర్లేదు.

అపోహ: ఆయన పోయాక ఇల్లు నాదే. ఆడపిల్లలకు కట్నం ఇచ్చేశాం, వాళ్ల సంతకంతో పనేముంది?

వాస్తవం: ఇల్లు భర్త సొంత సంపాదన, ఆయన వీలునామా రాయలేదు అనుకుందాం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే ఆయన తల్లి, అందరికీ సమాన వాటా. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. పిత్రార్జితంలోనూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం సవరించి కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది వచ్చింది 2005లో. కూతురి సంతకం లేకుండా అమ్మితే ఆమె వాటా అమ్ముడుపోయినట్టు కాదు. రేపు కోర్టు నోటీసు వచ్చేది మీ చిరునామాకే. ఆమె తన వాటా వదులుకుంటానంటే హక్కు విడుదల దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించండి. నోటిమాట చాలదు, వాట్సాప్‌లో "ఓకే అమ్మా" అసలు చాలదు.

డాలస్‌లో ఉన్న వారసుడు రాలేకపోతే అమెరికాలోని భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి.

అపోహ: అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చేస్తే మన పని అయిపోయినట్టే.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే పెద్దవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఈ కాగితంలోనే. బ్రోకరు లక్షో రెండు లక్షలో బయానా చేతిలో పెడతాడు. స్టాంపు కాగితం మీద టైపు చేసిన అగ్రిమెంటు ముందుంచుతాడు. కళ్లజోడు వెతుక్కునేలోగా వేలు పెట్టి సంతకం చోటు చూపిస్తాడు. అందులో చదవాల్సిన వాక్యం ఒకటుంటుంది: "మీ పేరున గానీ మీరు కోరిన వారి పేరున గానీ రిజిస్ట్రీ చేయించగలము." దానర్థం, మీ ఇంటికి అసలు కొనుగోలుదారు ఇంకా దొరకలేదు. మీ దగ్గర ఒక ధరకు రాయించుకుని, ఆ కాగితం చూపించి ఇంకొకరికి ఎక్కువకు అమ్మి, తేడా జేబులో వేసుకునే ఏర్పాటు. గడువు తేదీ దగ్గర ఖాళీ వదిలేస్తే అతనికి ఇంకా హాయి. కొనేవాడు దొరికేదాకా మీ ఇల్లు అతని గుప్పిట్లో ఉంటుంది. మీరు కాదంటే కోర్టుకు వెళ్తానని బెదిరింపు.

2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా కలిపి ఇచ్చినా యాజమాన్యం మారదు, రిజిస్టరైన సేల్ డీడ్‌తోనే మారుతుంది. అంటే జీపీఏ ఇచ్చాక కూడా కాగితాల మీద యజమాని మీరే, ఆ ఇంటిమీద వచ్చే తగాదాలకూ మీరే. పిల్లల దగ్గరికి వెళ్తూ ఎవరికైనా అధికారం ఇవ్వక తప్పకపోతే, ఫలానా ఇల్లు, ఫలానా ధరకు తగ్గకుండా, డబ్బు నా ఖాతాకే అని రాసిన స్పెషల్ పవర్ ఇవ్వండి. జనరల్ పవర్ ఇవ్వకండి.

నోటరీ ముద్ర సంగతీ ఇదే. సింహాచలం దేవస్థానం భూముల వివాదం నడిచిన అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం పంచగ్రామాల్లో రిజిస్ట్రేషన్లు ఆగిపోవడంతో నోటరీ కాగితాల మీద ఇళ్లు చేతులు మారాయి. స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కానిదే చెల్లదు. నోటరీ ఎర్ర ముద్ర ఎన్ని కొట్టినా అది సేల్ డీడ్ కాదు.

అపోహ: రిజిస్ట్రార్ అన్నీ చూసే రిజిస్టర్ చేస్తాడు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లియర్‌గా ఉంటే ఇంక ఢోకా లేదు.

సబ్ రిజిస్ట్రార్ పని దస్తావేజును నమోదు చేయడం. అమ్మేవాడికి హక్కు ఉందా లేదా అని తేల్చడం కాదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు నిబంధన ఒకదాన్ని కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టర్ కాని వీలునామాలూ, వారసుల మధ్య నలుగుతున్న తగాదాలూ అందులో దొరకవు. ఇక్కడి ఇల్లమ్మిన డబ్బుతో మరో ఊళ్లో ఫ్లాటు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అమ్మేవాళ్లకు ఇంకో బెదిరింపు ఉంది: "మీ స్థలం 22ఏలో పడింది, తీయించడానికి ఇంత అవుతుంది." 22ఏ అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా. ప్రభుత్వ, దేవాదాయ, అసైన్డ్ భూములు అందులో ఉంటాయి. మీ సర్వే నంబరు అందులో ఉందో లేదో స్టాంపులు రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. నిజంగా ఉంటే కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకోవాలి. బ్రోకరు చేతిలో పెట్టేది మాత్రం ఏమీ లేదు.

అపోహ: మంచం దిగలేని మనిషి రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎలా వస్తాడు? జీపీఏ తప్ప దారి లేదు.

ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, ఒంట్లో బాగోక కదల్లేనివారి ఇంటికే అధికారి వచ్చి సంతకం, వేలిముద్ర తీసుకోవచ్చు. అర్జీ పెట్టి, నిర్ణీత రుసుము కట్టాలి. అంతే.

అపోహ: అమ్మితే పన్ను సగం తినేస్తుంది, సగం నల్లగా తీసుకోవడమే తెలివి.

పన్ను అమ్మిన ధర మీద కాదు, లాభం మీద. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఇల్లయితే లాభం మీద 12.5 శాతం. 2024 జులై 23కి ముందు కొన్నదైతే, దేశంలో నివాసం ఉన్నవారు ద్రవ్యోల్బణం లెక్క వేసుకుని 20 శాతం పద్ధతిలో ఎంత పడుతుందో చూసి, తక్కువైనదే కట్టొచ్చు. నిబంధనల మేరకు రెండేళ్లలో మరో ఇల్లు కొంటే ఆ మేరకు మినహాయింపు కూడా ఉంది. నగదు సంగతి తెలిస్తే ఎవరూ చెయ్యి చాపరు: స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంత జరిమానా. అదీ ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి.

అపోహ: అమ్మడమెందుకు, కొడుకు పేర రాసిచ్చేస్తే వాడే చూసుకుంటాడు.

చూసుకునే కొడుకులే ఎక్కువ. అయినా కాగితం రాయాల్సింది వాళ్లు చూసుకోని రోజు కోసమే. రిజిస్టరైన దాన సెటిల్‌మెంటును మీ అంతట మీరు వెళ్లి రద్దు చేయించుకోలేరు. 2007 తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ఒక దారి ఇచ్చింది: బాగోగులు చూడాలన్న షరతుతో ఇచ్చి, చూడకపోతే ఆ బదిలీ చెల్లదని ప్రకటించమని ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. ఆ షరతు ఉన్నట్టు తేలలేదని 2022 డిసెంబరులో ఒక తల్లి సుప్రీంకోర్టులో ఓడింది. షరతు ఉందని 2025 జనవరిలో ఇంకో తల్లి గెలిచింది. కాబట్టి దస్తావేజులోనే రాయించండి: బతికున్నంత కాలం ఇంట్లో ఉండే హక్కు మాది, పోషణ, వైద్యం చూడాలి, చూడకపోతే రద్దు. "సొంత కొడుకు దగ్గర ఇదేం రాత" అని ఎవరైనా నొచ్చుకుంటే, ఆ నొచ్చుకున్నవారు ఎవరో గమనించండి.

అపోహ: పాత సామాను అమ్మడంలో మోసమేముంటుంది?

బీరువా, దివాన్ కాట్, వాషింగ్ మెషీన్ ఫొటోలు నెట్లో పెట్టిన గంటలో ఫోన్: "నేవీ ఆఫీసర్ని, వైజాగ్‌కి బదిలీ అయింది, బేరం లేదు, అడ్వాన్స్ పంపుతున్నా." తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు కాబట్టి ఆ మాట ఇక్కడ ఇట్టే నమ్ముతాం. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది, స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే పోయేది మీ డబ్బే.

ప్యాకర్స్ అండ్ మూవర్స్ దగ్గరా ఇంతే జాగ్రత్త. అందరికంటే సగం రేటు చెప్పినవాడు సామాను లారీకెక్కించాక దారిలో ఆపి రెట్టింపు అడుగుతాడు. ఆఫీసు ఎక్కడో కళ్లతో చూడండి, రేటు రాయించుకోండి, లారీ రసీదు తీసుకోండి. నగలు, దస్తావేజులు, పింఛను కాగితాలు మీ చేతిసంచిలోనే.

పింఛను గురించి ఒక్క మాట: ఊరు మారితే ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పింఛను ఆగిపోతుందని చాలామంది ఉక్కు కార్మికులకు బెంగ. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకులోనైనా తీసుకోవచ్చు. లైఫ్ సర్టిఫికెట్టూ ఆన్‌లైన్లో ఇవ్వవచ్చు.

అపోహ: సీనియర్ సిటిజన్ల విల్లా, ప్రీ లాంచ్ ఆఫర్, ఇప్పుడు కడితేనే ఈ ధర.

స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావాల్సిన ప్రాజెక్టును నమోదు కాకుండా ప్రకటించడమే తప్పు, అమ్మడం సంగతి తర్వాత. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి అడగకూడదు. ఆశ్రమంలాంటి చోట డిపాజిట్ కడుతుంటే అది కొనడమా, ఉండనివ్వడమా, మధ్యలో వచ్చేస్తే ఎంత తిరిగిస్తారు, ముందే కాగితం మీద అడగండి.

అపోహ: ఇల్లమ్మిన డబ్బు బ్యాంకులో పడింది, ఇక నిశ్చింత.

అసలు ప్రమాదం అప్పుడే. "మీ ఆధార్‌తో పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్ ఆపకండి, ఎవరికీ చెప్పకండి" అంటూ పోలీసు దుస్తుల్లో ఒకడు కనిపిస్తాడు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేదు. ఏ పోలీసూ, సీబీఐ వాళ్లూ, ఏ జడ్జీ వీడియోలో అరెస్టు చేయరు, డబ్బు "తనిఖీకి" పంపమనరు. ఫోన్ పెట్టేయండి, పక్కింటివాళ్లను పిలవండి. డబ్బు పోయిందంటే సిగ్గుపడి దాచకండి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్మును ఖాతాల్లో స్తంభింపజేసే వీలు అంత ఎక్కువ. పోషణ, వేధింపు, న్యాయ సలహా దేనికైనా వృద్ధుల కోసం 14567 ఉంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. ఈ రెండు నంబర్లూ ఇవాళే పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన అతికించండి.