బాలింత చనిపోతే ‘కిడ్నీ జబ్బు’ అని వదిలేయొచ్చా? మాతృ మరణంపై విచారణ ఎలా జరుగుతుంది?

పలాస పక్క పల్లెలో ప్రసవమైన నెల రోజులకు ఒక బాలింత చనిపోయిందనుకుందాం. ‘ఉద్దానం జబ్బే, ఏం చేస్తాం’ అంటారు ఊళ్లో. నిబంధనల ప్రకారం మాత్రం కథ అక్కడితో ముగియకూడదు.

గర్భంతో ఉండగా గానీ, ప్రసవం లేదా గర్భస్రావమైన 42 రోజుల్లోపు గానీ, గర్భం వల్ల వచ్చిన సమస్యతోనో, గర్భం వల్ల ముదిరిన జబ్బుతోనో చనిపోతే అది మాతృ మరణమే. ప్రమాదాలు ఈ లెక్కలోకి రావు. కిడ్నీ, గుండె జబ్బులు వస్తాయి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ తేడా చాలా ముఖ్యం. దెబ్బతిన్న కిడ్నీలపై గర్భం అదనపు భారం వేస్తుంది, బీపీ ప్రమాదకరంగా పెరగొచ్చు. ‘కిడ్నీ మరణం’ అని రాసేస్తే గర్భిణిగా ఆమెకు ఏ పరీక్షలు జరిగాయని అడిగేవారుండరు.

దేశంలో ఈ విచారణకు 2010లో మార్గదర్శకాలు వచ్చాయి, 2017లో వాటిని సవరించారు. 15 నుంచి 49 ఏళ్ల మహిళ ఎవరు చనిపోయినా ఆశా కార్యకర్త సమాచారమివ్వాలి. మాతృ మరణమన్న అనుమానముంటే 24 గంటల్లో పైకి తెలియాలి. ఆసుపత్రిలో పోతే అక్కడి రికార్డులు చూస్తారు. వైద్య సిబ్బంది ఇంటికి కూడా వచ్చి కుటుంబసభ్యులను అడిగి జరిగినదంతా రాసుకుంటారు.

వాళ్లు వెతికేది ప్రధానంగా మూడు ఆలస్యాల కోసం. ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లో నిర్ణయించడంలో, దారిలో, చేరాక చికిత్స మొదలవడంలో. కేస్ షీటులో ‘అధిక రక్తస్రావం’ అని మాత్రమే ఉంటుంది. పలాస నుంచి టెక్కలి, అక్కడి నుంచి మరో 50 కిలోమీటర్ల దూరంలోని శ్రీకాకుళం పంపారా, వాహనం ఎప్పుడొచ్చింది, రక్తం ఎక్కడ దొరికింది? ఇవి వెంట ఉన్న అత్తకో, అక్కకో తెలుస్తాయి. అందుకే కలెక్టర్ సమీక్షకు బంధువులనూ పిలవాలన్నది నియమం. నా దృష్టిలో ఈ ప్రక్రియ మొత్తానికీ ప్రాణం అదే.

శిక్షించడం దీని ఉద్దేశం కాదు. పేర్లు బయటపెట్టరు. ‘మరి ఎందుకు?’ అని మీకు కోపం రావచ్చు, న్యాయమే. కానీ శిక్ష భయం ఉన్నచోట రికార్డులే మారిపోతాయి. కేరళలో గైనకాలజిస్టుల సంఘం 2004 నుంచి ఇలా గోప్యంగా సమీక్షిస్తోంది. అందులో తేలిన ప్రధాన కారణాలు రక్తస్రావం, అధిక రక్తపోటు. వాటి చికిత్సకు ప్రమాణాలు రూపొందించారు. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు కేరళలో 19, ఆంధ్రప్రదేశ్‌లో 45.

ఉద్దానంలో ఇలాంటి సమీక్ష ఏం మార్చగలదు? గర్భిణి పేరు నమోదైన రోజే బీపీ, మూత్రపరీక్షతోపాటు రక్తంలో క్రియాటినిన్ చూడటం ఒకటి. తేడా ఉంటే, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వైద్యులూ, ప్రసూతి వైద్యులూ కలిసి చూసేలా ఏర్పాటు చేయడం మరొకటి.

మీ ఇంట్లో ఇలాంటి విషాదం జరిగితే తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ రిపోర్టులు, రిఫరల్ చీటీ పారేయకండి. 108కి ఫోన్ చేసిన సమయం మీ మొబైల్ కాల్ జాబితాలో ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి. వారాలు గడిచినా ఎవరూ రాకపోతే ఏఎన్‌ఎంను, పీహెచ్‌సీ వైద్యాధికారిని అడగండి. అక్కడా కదలిక లేకపోతే జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.