వేరుసెనగ విత్తనమును ఏరుట: వంశగుణమేది, నేల గుణమేది

ముదిగుబ్బ చుట్టునుండు ఎఱ్ఱనేలలలో వేరుసెనగ పెట్టు రైతులు కళ్ళమునందు పెద్ద బుడ్డలను ఏరి విత్తనమునకు దాచుకొనుట వాడుక. ఇది మంచిదే. నిండు గింజ బలముగా మొలచును. అయితే ఇట్లు పదియేండ్లు ఏరినయెడల రకమే పెద్దబుడ్డ రకమగునని నమ్ముట సరికాదు.

వేరుసెనగ పువ్వులో కేసరములును కీలాగ్రమును ఒకే రేకుదొప్పలో మూయబడి యుండును. తన పుప్పొడి తనకే తగిలి, పిమ్మట ఊడ నేలలోనికి దిగి కాయ యగును. తేనెటీగల మూలమున అన్యసంపర్కము కలుగుట బహు స్వల్పము. కావున స్థిరపడిన రకమునందలి ఒక చెట్టు సంతానమంతయు తరతరములు ఒకే వంశగుణము గలదై యుండును. పల్లములో తేమ నిలిచి కాయ ఊరినను, గుట్టవార వాన తప్పి కాయ చిక్కినను, ఆ భేదము నేలదియు వానదియు గాని జన్యువులది కాదు.

డెన్మార్కు దేశీయుడగు యోహాన్‌సెన్ 1903లో దీనిని చిక్కుడుజాతి గింజలను తూచి నిరూపించెను. ఒక్కొక్క చెట్టు సంతానమును వేరుగా పెంచి చూడగా, ఒకే వంశములో పెద్దగింజల పిల్లలును చిన్నగింజల పిల్లలును సగటున సమానముగనే తూగినవి. వంశమునకు వంశమునకు నడుమ మాత్రము భేదము నిలిచెను.

కావున విత్తనము కలగలుపైనప్పుడే ఏరుటవలన రకము బాగుపడును. తిండివనము క్షేత్రమువారు గుడియాత్తము గుబురు రకమునుండి ఏరియే 1940లో టి.యం.వి. 2ను విడుదల చేసిరి. అనంతపురపు మెట్టలలో అది దశాబ్దములు నిలిచినది. రైతు తానే పరీక్షింపగోరిన, కళ్ళములో కాయను గాక చేనిలో చెట్టును ఏరవలెను. బెట్టకు నిలిచిన చెట్లకు గుఱుతు పెట్టి, ఒక్కొక్కదాని కాయలను వేరువేరు సంచులలో నుంచి, మరుసటి కారున ఒకే తీరు నేలలో చెట్టుకొక చాలుగా, పక్కన మామూలు విత్తనపు చాలుతో విత్తవలెను. మేలు చాలంతటను కనబడి, రెండుమూడు కారులు నిలిచినచో వంశగుణమని నమ్మవచ్చును. లేనిచో ఆ మొదటి చెట్టుకు అడుగున తేమ దొరికినదని గ్రహింపవలెను. ఓపిక గలవారికే యీ పని.

కలగలుపులో లేని గుణము ఎంత ఏరినను రాదు. దక్షిణ అమెరికాలో వేలయేండ్ల క్రిందట 20 క్రోమోసోముల అడవిజాతులు రెండు కలిసి, సంఖ్య ఇనుమడించి, 40 క్రోమోసోముల వేరుసెనగ పుట్టినది. అది అడవి చుట్టములతో సులభముగా కలియనందున సాగురకములలో వంశభేదము కొంచెమే. అందుచే సంకరము చేయవలసి వచ్చును. సాయంకాలము మొగ్గలోని కేసరములను తీసివేసి, మరునాటి ఉదయము వేరొక రకపు పుప్పొడిని అద్దుదురు. పిమ్మట గుణములు విడిపోవును. 1866లో ప్రకటితమైన మెండెల్ బటానీ పరీక్షలలో గుండ్రని గింజ, ముడుతల గింజ కలిపిన మొదటి తరమున అన్నియు గుండ్రనివే. రెండవ తరమున 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి. అందుచేతనే సంకరపు గింజను అనేక తరములు ఏరి స్థిరపరచిన పిదపనే రైతులకిత్తురు.

సమీపమందలి కదిరి పరిశోధన క్షేత్రమువారు జె.యల్. 24ను మరియొక రకముతో కలిపి యిట్లే స్థిరపరచిన కదిరి 6 రకము 2005లో విడుదలయ్యెను. దాని విత్తనమును ఇంటనే దాచుకొనవచ్చును. సంకర మొక్కజొన్న, సంకర ఆముదముల విత్తనము మాత్రము ఏటేట కొనవలసినదే. దాచిన గింజ మరుసటి తరమున గుణము చెదరును. వేరుసెనగ విత్తనపు మడిలో పూత కాలమునను, పీకుటకు ముందును అన్యరకపు చెట్లను పెఱికివేసి, కాయలను వేరు కళ్ళమున ఆరబెట్టవలెను.